తెర చుట్టుకున్న దీపం

మరిపెడలో మా ముందుగది కొక్కేనికి ఒక తోలు దీపం వేలాడుతోంది. మీద నెమళ్లు, తీగలు. ధర్మవరం దగ్గరి తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటలో చేసింది. కుట్టకుండా విడి ముక్కలుగానే కావాలని అడిగి తెచ్చుకున్నాను: రెండు ఇనుప వలయాలు, నాలుగు నిలువు చువ్వలు, నాలుగు తోలు రేకులు, సన్నటి తోలు దారం ఒక చుట్ట.

ముక్కలుగా తెచ్చి ఇంట్లో కూర్చుకునే సామాను అనగానే 2018లో హైదరాబాదుకు వచ్చిన ఐకియా గుర్తొస్తుంది. తోలుబొమ్మది అంతకంటే చాలా పాత దారి. భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్లు దేనికది కోసి ముడులతో కలుపుతారు. మనిషెత్తు బొమ్మ కూడా ఆట ముగిశాక చదునుగా పెట్టెలో ఒదిగిపోతుంది. ఇంట్లో మరాఠీ, తెర వెనక తెలుగు మాట్లాడుతూ, ఈ బొమ్మలాడిస్తూ ఊరూరా తిరిగిన ఆరె కుటుంబాలకు అలా ఒదగడం ఎంతో అవసరం.

అసలు విద్యంతా తోలులో ఉంది. చెప్పులకు వాడే పదును చేసిన తోలు వెలుగును అడ్డుకుంటుంది. ఇక్కడ కావలసింది పచ్చితోలు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ కండా గీకేసి, నలువైపులా లాగి కట్టి ఆరబెడతారు. ఆ బిగువులో ఆరిన తోలు పలచబడి వెలుగును తనలోంచి పోనిస్తుంది. మన డప్పుదీ ఇదే గుణం. చెమ్మకు సాగుతుంది, వేడికి బిగుస్తుంది. వాయించే ముందు డప్పును మంటకు కాచడం చూసినవాళ్లకు ఈ దీపం స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. దేవతల బొమ్మలకు ఒకప్పుడు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది ఆగింది.

నల్ల గీతతో బొమ్మ గీసి, రంగులు నింపి, చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. రంగు వేసిన చోట వెలుగు ఎర్రగానో పచ్చగానో వస్తుంది, రంధ్రంలోంచి తెల్లగా చుక్కలా దూసుకొస్తుంది. నగలన్నీ ఆ చుక్కలే. పగలు చూస్తే చిల్లులు, రాత్రి హారాలు. బొమ్మలు ఆముదపు దీపాల ముందు తెరమీద ఆడినప్పుడు కూడా ఇంతే. ఇప్పుడు తోలే దీపం చుట్టూ తెరలా చుట్టుకుంది. అందుకే దీన్ని అలంకరణ సరుకని తేలిగ్గా తీసేస్తే నాకు బాధ. ఆటకు పిలుపులు తగ్గినా ఉలి పట్టే చేతులకు పని దొరుకుతోంది ఈ దీపాల వల్లే. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ.

కూర్చడం ఒక సాయంత్రం పని. తోలు దారాన్ని మాత్రం నానబెట్టాలి, రంగు వేసిన రేకుకు నీళ్లు తగలకూడదు. ముందు కింది వలయానికి, తరవాత చువ్వలకు, ఆఖరున పై వలయానికి కుట్టాలి. తడి దారం ఆరుతూ తనే బిగుసుకుంటుంది. మొదట నేను 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి తప్పు చేశాను. ఆ బల్బు మింగిన కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడే. వారంలో ఒక నెమలి తోక అంచు ముడుచుకుపోయింది. ఇప్పుడు 7 వాట్ల ఎల్ఈడీ పెట్టాను, పసుపు వెలుగుది.

చివరి కుట్టు సరిగ్గా పడలేదు. అక్కడ సందులోంచి వెలుగు సన్నటి గీతలా గోడమీద పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఆ గీత కాస్త వెడల్పవుతుంది. ఎండలు ముదిరాక దారం విప్పి, నానబెట్టి, మళ్లీ కుడతాను.