గతం మీద మమకారం, కేబుల్ తీగ

2025 డిసెంబరు 31న బ్రిటన్‌లో ఎంటీవీ పేరున నడిచిన ఐదు సంగీత ఛానెళ్లు మూతపడ్డాయి. వెంటనే ఎంటీవీయే చచ్చిపోయిందంటూ సంతాపాలు వెల్లువెత్తాయి. అసలు ఛానెల్ ఎక్కడికీ పోలేదు. కాని ఈ సంతాపాలకు శవంతో పని లేదు. వాళ్లు ఏడుస్తున్నది 1981 గురించి.

ఈ స్మృతి వ్యాసాలన్నిటి ఇతివృత్తం ఒకటే. 1981 ఆగస్టు 1, అర్ధరాత్రి దాటగానే తెర మీద రాకెట్ లేచింది, చంద్రుడి మీద ఛానెల్ జెండా వెలిసింది, బగుల్స్ బృందం పాటతో కొత్త యుగం మొదలైంది. ఐదుగురు వ్యాఖ్యాతలు తడబడుతూ మాట్లాడేవారు, రోజంతా పాటలే పాటలు. 1992లో 'ది రియల్ వరల్డ్' వచ్చింది, పాట వెళ్లిపోయింది. స్వర్గమూ, పతనమూ! ఇంగ్లీషు సాహిత్యంలోని పల్లె స్వర్ణయుగాన్ని వెతుక్కుంటూ పోతే అది తరతరానికీ ఇంకొంచెం వెనక్కి జరుగుతూనే ఉంటుందని రేమండ్ విలియమ్స్ 1973లో 'ది కంట్రీ అండ్ ది సిటీ'లో చూపించాడు. ఇక్కడ ఆ చిక్కు లేదు. ఈ స్వర్ణయుగానికి తేదీ, గంట కూడా ఉన్నాయి. కనుక పరీక్షించి చూడవచ్చు.

మొదట కనబడేది తీగ. ఆ రాత్రి మన్‌హట్టన్‌లో ఎంటీవీ రాలేదు. దాన్ని తయారుచేసినవాళ్లే మొదటి ప్రసారం చూడడానికి నది దాటి న్యూజెర్సీలోని ఫోర్ట్ లీకి పోవలసివచ్చింది. అప్పటికి కేబుల్ ఎక్కువగా పాకింది శివారు పేటలకూ చిన్న పట్నాలకూ. ఒక్లహోమాలోని టల్సా వంటి చోట్ల, రేడియో వేయని బ్రిటిష్ బృందాల రికార్డుల కోసం కుర్రవాళ్లు దుకాణాలకు పోయి అడిగారు. మహానగరం కంటే ముందు తన ఊరికి ఏదో వచ్చిందన్న ఆ కుర్రవాడి సంబరాన్ని 'వినియోగదారీ భ్రమ' అని ఒక్క మాటతో కొట్టిపారేసే విమర్శ మన శిబిరంలోనూ ఉంది. అది సోమరి విమర్శ. అతనికి దొరికిన ఆనందం నిజమైనదే. ఇచ్చినవాడు ఎందుకిచ్చాడన్నది వేరే ప్రశ్న, దాన్ని ఆ ఆనందాన్ని ఒప్పుకున్నాకనే అడగాలి.

ఇచ్చినవాళ్లు వార్నర్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థలు. పాటల చిత్రాలు రికార్డు కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడానికి ఉచితంగా ఇచ్చిన ప్రకటనలు. ఆ ప్రకటనల మధ్య వేరే ప్రకటనలు అమ్మారు. పన్నెండు నుంచి ముప్పైనాలుగేళ్లలోపు వయస్కులు లక్ష్యం. ప్రసార సంస్థలు ప్రకటనదారులకు అమ్మేది ప్రేక్షకులనే అని డాలస్ స్మైత్ 1977లోనే రాశాడు. అతని సూత్రానికి ఇంత తేటగా సరిపోయే ఉదాహరణ అరుదు. పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది, నచ్చకపోతే చూసేవాడు వెళ్లిపోతాడు. అరగంట కదలకుండా కూర్చోబెట్టే కార్యక్రమం ప్రకటనదారుకు లాభం. అందులో నటులూ రచయితలూ అక్కర లేకపోతే ఛానెల్‌కు మరీ లాభం. 1981లో పాటను తెచ్చిన లెక్కల పుస్తకమే 1992లో దాన్ని పక్కకు నెట్టింది. మన స్మృతికర్తలు ఒకే పుస్తకంలోని రెండు పేజీలను రెండు యుగాలుగా చదువుతున్నారు.

వాళ్లు తిప్పని పేజీ ఇంకొకటుంది. ఐదుగురు వ్యాఖ్యాతల్లో ఒకరు నల్లజాతివారే, కాని తొలి రోజుల్లో తెర మీద నల్లజాతి గాయకులు బహు తక్కువ. తన పాటను తిరస్కరించారని రిక్ జేమ్స్ బాహాటంగా దుయ్యబట్టాడు. 1983లో డేవిడ్ బౌవీ ఇంటర్వ్యూకు వచ్చి, ఎందుకిలా అని ఎదురు ప్రశ్న వేశాడు. చిన్న ఊళ్ల ప్రేక్షకులు బెదిరిపోతారన్న ధోరణిలో వ్యాఖ్యాత సమాధానం చెప్పాడు. అంటే టల్సా కుర్రవాడి పేరు చెప్పి ఇంకొకరికి తలుపు వేశారు! మాది రాక్ సంగీత ఛానెల్ అని ఇంకో సమాధానం. 'ప్రత్యేక ఛానెల్'లోని ప్రత్యేకత పనిచేసే తీరు ఇదే. ఆ ఏడాదే మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' వచ్చింది. రికార్డు కంపెనీ బెదిరించాక వేశారని ఒక కథనం, అదేమీ లేదని ఛానెల్ వారి కథనం. ర్యాప్‌కు సొంత కార్యక్రమం దొరకడానికి 1988 దాకా పట్టింది.

క్రెయిగ్ మార్క్స్, రాబ్ టానెన్‌బామ్‌లు 2011లో కూర్చిన 'ఐ వాంట్ మై ఎంటీవీ' మౌఖిక చరిత్రను సాహిత్య విద్యార్థులు చదవాలి. ఈ వివాదాన్ని అందులో దాచలేదు, ఎవరి అబద్ధం వారి నోటనే వినబడనిచ్చారు. అది మెచ్చదగిన పద్ధతి. కాని మాట్లాడేదంతా గాయకులు, దర్శకులు, అధికారులు. చూసినవాడు దాదాపు లేడు. తీగ రాని పేటలోని నల్లజాతి కుర్రవాడికి 1981 అంటే ఏమిటో నేను చదివిన స్మృతి వ్యాసాల్లోనూ ఎక్కడా కనబడలేదు.

మన దూరదర్శన్ 'చిత్రలహరి' గురించి వస్తున్న జ్ఞాపకాలు చదివినప్పుడూ నాకిదే తడుతుంది. శుక్రవారం సాయంత్రం టీవీ ఉన్న ఇంట్లో చాప మీద కూర్చున్నవాళ్లు రాస్తున్నారు. కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడి చూసినవాళ్లు రాసినవి నా దగ్గర రెండో మూడో ఉన్నాయి, అంతే.