వీధుల అల్లిక, నగర విస్తరణ: దార్ ఎస్ సలామ్ ఆధారంగా అనుసంధాన సూచికలపై విమర్శ

ప్రస్తావన

నగరం ఎంత క్రమబద్ధంగా పెరుగుతున్నదో తెలుసుకోవడానికి వీధుల అల్లికను కొలిచే పద్ధతి గత రెండు దశాబ్దాలలో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. చదరపు కిలోమీటరుకు ఎన్ని కూడళ్లున్నాయి, ఒక్కొక్క కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయి, అవతలకు దారిలేని సందులెన్ని అనేవి ఈ కొలతకు మూలాంశాలు. అనుసంధానం ఎక్కువగా ఉంటే నగరం పొందికగా పెరిగిందనీ, తక్కువగా ఉంటే చెల్లాచెదురుగా విస్తరించిందనీ నిర్ణయిస్తారు. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నగరానికి ఈ నిర్ణయం ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

సూచికల బలం

బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ 2019, 2020 సంవత్సరాలలో ప్రకటించిన అధ్యయనాలు ఈ రంగంలో ముఖ్యమైనవి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో వారు ప్రపంచ నగరాలన్నింటినీ ఒకే కొలబద్దతో పోల్చారు. 1975 తరువాత కొత్త వీధుల్లో అనుసంధానం తగ్గుతూ వస్తున్నదని చూపారు. ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టవచ్చు గాని, ఒకసారి స్థిరపడిన వీధి తరతరాలు నిలుస్తుంది. కాబట్టి వీధిని కొలవడం సరైన ఆరంభమే. ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ కూడా 2014లో పేటల ప్రణాళికకు ఐదు సూత్రాలు చెబుతూ, భూమిలో కనీసం 30 శాతం వీధులకు కేటాయించాలనీ, చదరపు కిలోమీటరుకు కనీసం 18 కిలోమీటర్ల వీధి ఉండాలనీ సూచించింది. చిక్కు కొలవడంలో లేదు, కొలిచినదానికి అర్థం చెప్పడంలో ఉంది.

గీతలో కనిపించని వెడల్పు

1967 జనగణనలో సుమారు 2.73 లక్షలున్న దార్ ఎస్ సలామ్ జనాభా 2012 నాటికి 43.6 లక్షలకు, 2022 నాటికి 53.8 లక్షలకు చేరింది. ఈ జనంలో అధికభాగం ప్రణాళిక లేకుండా వెలసిన పేటల్లోనే నివసిస్తున్నారు. మంజేసే, తందాలే వంటి పేటల్లో ముందు ఇళ్లు వచ్చాయి, ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీయే దారి అయింది. పాదచారుల సందులను లెక్కలో చేర్చితే ఇటువంటి పేట కూడళ్లతో కిక్కిరిసి, గొప్ప అనుసంధానం గలదిగా కనబడుతుంది. చేర్చకపోతే అదే పేట దారులు లేని దిబ్బగా మిగులుతుంది. పేట మారలేదు, నిర్వచనం మారింది.

2015లో ఆరంభమైన రమానీ హురియా పథకం కింద విద్యార్థులు, స్థానికులు ఈ పేటల్లో తిరిగి సందులను, కాలువలను పటంలోకి ఎక్కించారు. ఇటువంటి చోట రెండు వేర్వేరు సంవత్సరాల పటాలను పోల్చినప్పుడు కనబడే పెరుగుదలలో కొత్తగా పడిన వీధి ఎంత, కొత్తగా నమోదైన పాతవీధి ఎంత అన్న విచారణ తప్పనిసరి.

కూడళ్లను లెక్కించే సూత్రానికి మనిషి పట్టే సందు, లారీ పట్టే రోడ్డు ఒకటే గీత. నివాసికి మాత్రం అవి ఒకటి కావు. మన దేశపు బజాజ్ ఆటోల మూలంగా అక్కడ ‘బజాజీ’ అనే పేరు స్థిరపడిన మూడు చక్రాల బండి కూడా దూరలేని సందులోకి అగ్నిమాపక శకటం రాలేదు. నడిచేవానికి అనుసంధానం ఉన్నచోటే ప్రాణాపాయంలో ఉన్నవానికి లేకపోవచ్చు.

వానాకాలపు పటం

అనుసంధానానికి ఋతుభేదం కూడా ఉంది. మ్సింబాజీ నది లోయ నగరాన్ని చీలుస్తూ సాగుతుంది. భారీ వర్షాలకు జాంగ్వానీ వద్ద మొరొగొరో రహదారి మునిగి రాకపోకలు పలుమార్లు నిలిచిపోయాయి. 2016లో మొదలైన వేగవంతమైన బస్సు వ్యవస్థకు కూడా అదే రహదారి వెన్నెముక. నగరం బగమోయో, మొరొగొరో, న్యెరేరే, కిల్వా అనే నాలుగు ప్రధాన రహదారుల వెంట చాచిన వేళ్లలా పెరిగింది. ఒక వేలి నుంచి మరొక వేలికి పోవడానికి అడ్డదారులు తక్కువ. పేటలోపలి కూడళ్లెన్ని ఉన్నా ఈ కొరత తీరదు. పేటస్థాయి సగటును నగరస్థాయి అనుసంధానంగా చదవడం ఇక్కడ పొరపాటవుతుంది.

క్రమమైన గళ్లు, చెదిరిన నగరం

దీనికి భిన్నమైన ఉదాహరణ 2002లో ప్రారంభమైన ‘ఇరవై వేల స్థలాల పథకం’. బుంజు, తోవాంగోమా, కిబాడా, బుయూనీ వంటి శివారుల్లో సర్వే చేసి స్థలాలు పంచారు. పటంపై గళ్లు చక్కగా ఉన్నాయి. అయితే వాటిలో ఎన్నో స్థలాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. పనులు, బజార్లు నగరమధ్యంలోనే మిగిలాయి. వీధుల అల్లికలో మార్కులు తెచ్చుకోగల ఈ శివారే భూవినియోగంలో విస్తరణకు నిదర్శనం. అందువల్ల వీధుల అల్లిక చెదరడం, నగరం చెదరడం అనే రెండింటినీ ఒకే మాటతో వ్యవహరించడం శాస్త్రీయం కాదు.

ముందా, తరువాతా?

సూచికలు అడగని ముఖ్యమైన ప్రశ్న కాలక్రమానికి సంబంధించినది. ఇంటికి ముందు వీధి పుట్టిందా, వీధికి ముందు ఇల్లు పుట్టిందా? 1970లలో ప్రపంచ బ్యాంకు సహాయంతో టాంజానియాలో రెండు మార్గాలు అమలయ్యాయి. సింజా, కిజిటోన్యామా వంటి చోట్ల ముందుగా వీధులు, నీటి వసతి ఏర్పరచి స్థలాలిచ్చారు. మంజేసే వంటి పేటల్లో అప్పటికే ఉన్న ఇళ్ల నడుమ వసతులు కల్పించారు. దశాబ్దాల తరువాత మైఖేల్స్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మొదటి రకం పేటల్లో నాణ్యమైన, క్రమమైన గృహనిర్మాణం జరిగింది, రెండవ రకం పేటల్లో అటువంటి ఫలితం కనిపించలేదు. అయితే మొదటి రకం పేటల్లోకి ఎక్కువ చదువుకున్న నివాసులు చేరారని కూడా అదే అధ్యయనం చూపింది. అంటే వీధి ఇచ్చిన ఫలం ఎవరికి దక్కిందన్నది వేరుగా తేల్చవలసిన విషయం.

ఈ కాలక్రమాన్ని విస్మరిస్తే విధానంలో ప్రమాదముంది. తక్కువ అంకె వచ్చిన పేటకు రోడ్డు వెడల్పు చేయడమే మందు అనిపిస్తుంది. పేదపేటలో రోడ్డు వెడల్పంటే ఇళ్ల కూల్చివేతే. అదే అంకెను శివారు పొలాల వైపు తిప్పి చదివితే, ఇళ్లు రాకముందే దారికి భూమి కేటాయించాలన్న పాఠం లభిస్తుంది. మొదటిదానికి నష్టపరిహారం, పునరావాసం కావాలి. రెండవదానికి సర్వే రాళ్లు, వాటిని కాపాడే పరిపాలన చాలు.

ముగింపు

స్వాహిలీలో ‘మ్తా’ అనే మాటకు వీధి అనీ, పేట అనీ అర్థాలున్నాయి. టాంజానియా పట్టణ పరిపాలనలో అట్టడుగు విభాగం పేరు కూడా అదే. వీధిని, అందులోని మనుషులను ఆ భాష విడదీయలేదు. సూచికలు విడదీశాయి. వాటిని తిరస్కరించనక్కరలేదు. గీతకు వెడల్పును, వానాకాలపు స్థితిని, ఇంటికి ముందు పుట్టిందా తరువాత పుట్టిందా అన్న వివరాన్ని జోడించి చదవాలి. ఈ మూడూ లేని అంకె ఆధారంగా ఏ పేట భవితవ్యాన్నీ నిర్ణయించడం సమంజసం కాదు.