బఫెలో నదిలో కెనూ ప్రయాణం

అమెరికాలోని ఆర్కెన్సా రాష్ట్రంలో, ఓజార్క్ కొండల మధ్య పారే బఫెలో నదికి ఆనకట్ట లేదు. కొండల్లో గట్టి వాన కురిస్తే గంటల్లో పొంగుతుంది. కొన్ని వారాలు వాన మొహం చాటేస్తే ఎగువన రాళ్లు తేలి, పడవను ఈడ్చుకుంటూ నడవాల్సి వస్తుంది. పిల్లాపాపలతో, స్నేహితులతో ఇక్కడ కెనూ పడవ వేసుకుని వెళ్లాలనుకునేవారికి ముందు తెలియాల్సింది ఇదే. తెడ్డు వేయడం ఒక పూటలో చేతికి అలవాటవుతుంది. ఏ రోజున, ఏ రేవులో దిగి ఏ రేవులో తేలాలో తేల్చుకోవడానికే అసలు నేర్పు కావాలి.

నదికి ఈ స్వేచ్ఛ ఊరికే మిగల్లేదు. గిల్బర్ట్, లోన్ రాక్ అనే రెండు చోట్ల ఆనకట్టలు కట్టాలని సైన్యపు ఇంజినీర్ల విభాగం ప్రతిపాదించింది. దాన్ని ఆపడానికి 1962లో డాక్టర్ నీల్ కాంప్టన్, ఆయన మిత్రులు ఓజార్క్ సొసైటీని పెట్టారు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ వచ్చి ఈ నదిపై పడవలో ప్రయాణించారు. 1965లో గవర్నర్ ఆర్వల్ ఫాబస్ ఆనకట్ట వద్దన్నారు. 1972 మార్చి 1న బఫెలో దేశపు మొదటి జాతీయ నది అయింది. 135 మైళ్లు, అంటే దాదాపు 217 కిలోమీటర్ల ప్రవాహం రక్షణలోకి వచ్చింది. ఆ క్రమంలో ఒడ్డున తరతరాలుగా సేద్యం చేసుకున్న కుటుంబాలు ఎన్నో భూములు వదులుకున్నాయి. నది గురించి చెప్పేటప్పుడు ఆ మాటా చెప్పడం న్యాయం.

ఎగువ భాగంలో అందరూ కోరుకునేది పోంకా నుంచి కైల్స్ లాండింగ్ వరకు సుమారు పది మైళ్ల దారి. ఐదు వందల అడుగులకు పైగా నిలువునా లేచిన బిగ్ బ్లఫ్ అనే రాతిగోడ ఇక్కడే ఉంది. మధ్యలో పడవ ఒడ్డుకు కట్టి కాసేపు నడిస్తే హెమ్డ్ ఇన్ హాలో జలపాతం కనిపిస్తుంది. అయితే ఈ దారికి నీళ్లు చాలేది ఎక్కువగా వసంతంలోనే. పోంకా దగ్గరున్న లోవంతెన అడుగుకూ నీటికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసి పాతకాపులు దిగాలో వద్దో చెబుతారు. ఇప్పుడు నీటిమట్టం కొలతలు ఫోన్‌లోనే దొరుకుతాయి. వేసవిలో పిల్లలున్నవారికి దిగువన బఫెలో పాయింట్ నుంచి రష్ వరకు ఏడు మైళ్లు మేలు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న బెంటన్‌విల్ పరిసరాల్లో చాలా తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లకు పోంకా కారులో సుమారు రెండు గంటల దూరం. ఉద్యోగస్తులు సెలవును బట్టి తేదీ ముందే ఖాయం చేసుకోక తప్పదు. అలాంటప్పుడు రేవును మాత్రం చివరిరోజు దాకా ఖాయం చేసుకోకూడదు. నీళ్లు మరీ ఎక్కువైతే ఆ పూట కొండదారుల్లో నడవడమే మంచిది.

కెనూలో వెనక కూర్చున్నవారే పడవను నడిపేది. ముందున్నవారు ఊపునిస్తారు, రాళ్లను ముందుగా చూసి చెబుతారు. అందుకే బరువైన మనిషి, అనుభవం ఉన్న మనిషి వెనక ఉండాలి. పిల్లలు మధ్యలో అడుగున కూర్చోవాలి. ఒకే పక్క తెడ్డు వేస్తే పడవ ఎదుటి పక్కకు తిరిగిపోతుంది. దాన్ని సరిచేయడానికి వెనకవారు ప్రతి విసురు చివరా తెడ్డు రెక్కను పడవకు దూరంగా నెడతారు. నీటిలో ఆ గీత ఇంగ్లిషు జె అక్షరంలా ఉంటుంది. భార్యాభర్తలు ఒకే పడవెక్కినప్పుడు వచ్చే తగాదాల్లో చాలావరకు ఈ ఒక్క విసురు రాకపోవడం వల్లే. వడి ఉన్నచోట మోకాళ్లపై కూర్చుంటే పడవ నిలకడగా ఉంటుంది.

నీటిని చదవడం ఇంకా ముఖ్యం. నీటిపై గీతలు దిగువకు కోసుగా కలిస్తే అది లోతున్న దారి. కోసు ఎగువకు తిరిగి ఉంటే అక్కడ రాయి ఉంది. ఒడ్డున కూలిన చెట్టు రాయికన్నా ప్రమాదకరం: కొమ్మల మధ్య నుంచి నీరు పోతుంది, మనిషి పోలేడు. పడవ అడ్డం తిరిగి రాయికి తగిలితే భయంతో ఒళ్లు ఎగువకు వంగుతుంది. అలా వంగితే నీరు నిండుతుంది, కాబట్టి రాయి వైపే వాలాలి. నీట పడితే వెల్లకిలా తేలుతూ పాదాలు దిగువకు చాపాలి. వడిలో లేచి నిలబడబోతే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. నీరు నిండిన పడవ వందల కిలోల బరువుంటుంది కనుక దానికి ఎగువనే ఉండాలి.

లైఫ్ జాకెట్ ఒంటిపై బిగించి ఉండాలి. సీటు కింద ఉన్నది లేనట్టే లెక్క. తెలుగువారికి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరులో వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. నదిలోకి దిగాల్సిన రోజు కాదని అనిపించినప్పుడు ఆగడమే మొదటి రక్షణ, జాకెట్ ఆ తర్వాతది.

సామాను సంగతి తేలిక. పొడి బట్టలు నీరు చొరని సంచిలో వేసి పడవకు కట్టాలి. గాజు సీసాలు నదిపై నిషిద్ధం. ఒక కారు దిగువ రేవులో ముందే పెట్టి రావాలి, లేదా పడవలు అద్దెకిచ్చేవారితో మాట్లాడుకోవాలి.

రాత్రి బస చేయాలంటే గులకరాళ్ల మేటలు హాయిగా ఉంటాయి. గుడారం మేటలో ఎత్తైనచోట వేసి, వెనక గట్టుకు ఎక్కే దారి చూసుకుని, పడవలను చెట్టుకు కట్టి పడుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువన వాన పడొచ్చు.

రష్ దాటితే వైట్ నదిలో కలిసేదాకా దాదాపు 24 మైళ్లు రోడ్డు చేరే రేవు లేదు. చిన్నపిల్లలున్నవారు రష్‌లోనే ఆగడం మంచిది. ముందుకు పోయేవారు ఇంకో సంగతి కనుక్కోవాలి: సంగమం దగ్గర వైట్ నది బుల్ షోల్స్ ఆనకట్టకు దిగువన ఉంది. అక్కడి నీరు చల్లన, మట్టం విద్యుదుత్పత్తిని బట్టి మారుతుంది. బఫెలోకి వాన కబురు ఎంత అవసరమో, ఆ చివరి మలుపుకు ఆనకట్ట నీరు వదిలే వేళలు అంత అవసరం.