గాడ్జిలా చిత్రమున కరుణము

జపాను దేశపు మహామృగ చిత్రములను చూచినవారు వానిని భయానక రసమునకు చేర్చుట సహజము. అది తొందరపాటు నిర్ణయము. భయమే కావలసినవాడు రావిర్యాలయందు 2016లో తెరువబడిన వండర్లా వినోదోద్యానమునకు పోయి, తలక్రిందులుగ త్రిప్పు యంత్రముపై కూర్చుండి ఆ కోరిక తీర్చుకొనవచ్చును. ఆ భయమునకు కథ అక్కరలేదు. యంత్రము నిలువగనే అదియు నిలుచును. 1954 నవంబరు 3న విడుదలయిన హోండా ఇషిరో చిత్రము 'గాడ్జిలా' అట్లు ముగియునది కాదు.

ఆ సంవత్సరము మార్చి 1న అమెరికా బికినీ దీవులయందు హైడ్రోజను బాంబును పరీక్షింపగా, చేపలు పట్టుచున్న ఒక జపాను నావలోని 23 మందిపై విషభస్మము రాలెను. వారిలో ఒకడు సెప్టెంబరులో మరణించెను. చిత్రమునందు మొట్టమొదట నశించునదియు నావయే. నాటి ప్రేక్షకునకు ఇక వ్యాఖ్యానముతో పనిలేదు. బాంబు పరీక్షలచే కలతచెంది సముద్రగర్భము వెడలిన మృగము టోకియోను దహించును. దహనముకంటె దాని తరువాతి దృశ్యము ముఖ్యము. చికిత్సాలయమున ఒక బిడ్డపై రేడియో ధార్మికతను కొలుచు సాధనము నుంచి, ఫలితము చూచిన శాస్త్రజ్ఞుడు మాటలాడక తల అడ్డముగ ఊపును.

రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతుని మతము. ఈ చిత్రమునకు అంతకంటె తగిన సూత్రము నాకు కనబడదు. అయితే ఇందొక విశేషము కలదు. రౌద్రమునకు ఆశ్రయమయిన మృగమే కరుణమునకు ఆలంబనమును అగుచున్నది. అదియు బాంబు వాత పడినదే. దానిని చంపరాదని వృద్ధశాస్త్రజ్ఞుడు యమానే వాదించును. చంపగల సాధనమును కనుగొన్న సెరిజావా, ఆ రహస్యము లోకమునకు దక్కకుండుటకై తన వ్రాతలను కాల్చివైచి, మృగముతోపాటు తానును కడలి అడుగుననే ప్రాణము విడుచును.

మన వాఙ్మయమున దీనికి సామ్యమేది యన్న 'మాయాబజార్' (1957) లోని ఘటోత్కచుడు స్ఫురింపక మానడు. ఎస్.వి. రంగారావు నటనము సాటిలేనిదే కాని, ఆ ఘటోత్కచుడు మాటలాడును, నవ్వించును, తమ్ముని పెండ్లికై మాయలు పన్నును. అతడు మన బంధువు. అందలి రసములు హాస్యాద్భుతములు. అసలు సామ్యము ద్రోణపర్వమున నున్నది. కర్ణుని శక్తిచే కూలుచు ఘటోత్కచుడు దేహమును పెంచి కౌరవసేనపై పడును. పాండవులు శోకింతురు, అర్జునునికై దాచిన శక్తి వ్యయమయ్యెనని శ్రీకృష్ణుడు హర్షించును. ఆ హర్షము అర్జునునకే వింతగ తోచెను. సెరిజావాకు అట్టి హర్షము లేదు. ఒక ఆయుధము మ్రోగిన పిదప మరియొకటి పుట్టునని ఆతని భీతి.

1964 తరువాతి చిత్రములలో ఈ మృగము క్రమముగ జనరక్షకమై బాలుర వినోదమునకు దిగినది. వానిని 1954 చిత్రముతో ఒకే రసమున కట్టుట తగదు. యమాజాకి తకాషి 2023లో నిర్మించిన 'గాడ్జిలా మైనస్ వన్' యుద్ధానంతర దుఃఖమునకు మరలినది. 2024లో దానికి ఆస్కారు బహుమానము దృశ్యకల్పనకు వచ్చినది. ప్రేక్షకుని కంట తడిపెట్టించినది మాత్రము ఆ కల్పన కాదు.