అంగీ స్తుతి

కత్తెరకు పెద్దగా పని చెప్పని అంగీ, నీకు జోతలు! మధ్యయుగాల ఐరోపాలో నాగలి పట్టినవాడికి మోకాళ్ల దాకా, పీఠమెక్కినవాడికి మడమల దాకా జారావు. గుడ్డ మారింది, రంగు మారింది, అంచున పట్టీ మారింది. నీ కోత లెక్క మాత్రం చాలాకాలం మారలేదు.

ఒంటికి ఒక పొడవాటి పలక. భుజం మీద మడతే, కుట్టు లేదు. చేతులకు రెండు పలకలు. పక్కలకు కలీలు: దీర్ఘచతురస్రాన్ని మూల నుంచి మూలకు కోస్తే రెండు త్రికోణాలు, తరుగు లేదు. కలీదార్ కుర్తాలు కుట్టే మన దర్జీకి నిన్ను చూపిస్తే కొత్తగా నేర్పాల్సిందేమీ ఉండదు. ఇంత పొదుపు ఊరికే రాలేదు. నువ్వు పుట్టిన రోజుల్లో గుడ్డంటే చెమట. ఉన్నిని దువ్వి, అవిసె కాడలను నానబెట్టి చితక్కొట్టి నార తీసి, ఒక్క మగ్గం ఆడాలంటే ఎందరో ఆడవాళ్లు కదుళ్లు తిప్పాలి. అలా వచ్చిన గుడ్డను ఒంపులొంపులుగా కోసి పీలికలు పారేయడానికి చేతులెలా వస్తాయి?

చంకముక్కా, నిన్ను వేరుగా పొగడాలి. అరచేతి వెడల్పు చతురస్రానివి. వజ్రంలా తిప్పి చెయ్యికీ ఒంటికీ మధ్య కూర్చోబెడితే ఏటవాలు పోగులు సాగి, చెయ్యి పైకెత్తినా అంగీ నడుము మీదికి ఎగబాకదు. నిన్ను కుట్టేటప్పుడే ఓపిక తెలుస్తుంది. సూదిని అంచు దాకా లాగకూడదు, కుట్టుకు వదిలిన మేర ముందే ఆపి, గుడ్డ తిప్పి, రెండో పక్క మొదలెట్టాలి. తొందరపడితే మూల ముడుచుకుంటుంది. తేనెమైనం మీద రెండుసార్లు లాగిన దారం చిక్కుపడకుండా జర్రున జారే చప్పుడు మిషనుకేం తెలుసు?

అంగీ, నిన్ను ఊహించుకుని కుట్టే పని లేదు. 1936లో స్వీడన్‌లోని బోక్‌స్టెన్ దగ్గర బురదనేలలో, గుండెలో గుంజ దిగేసి పూడ్చిన మనిషి బయటపడ్డాడు. పద్నాలుగో శతాబ్దంవాడంటారు. ఒంటి మీది ఉన్ని అంగీ, పైన కప్పుకున్న దుప్పటం, పొడవాటి తోకున్న తలముసుగు చెక్కుచెదరలేదు. ఇప్పటికీ వార్‌బెర్గ్ మ్యూజియంలో చూడొచ్చు. ఆ అంగీకి పక్కలా కలీలే, ముందూ వెనకా కలీలే. అంతకు ముందు 1921లో పురావస్తు శాస్త్రవేత్త పౌల్ నోర్లుండ్ గ్రీన్‌లాండ్ దక్షిణ కొసన హెర్యోల్ఫ్స్‌నెస్‌లోని మధ్యయుగపు చర్చి శ్మశానం తవ్వించాడు. బతికినన్నాళ్లూ తొడిగి, చివరికి శవాలకు చుట్టిన బట్టలు దొరికాయి. మంచునేల వాటిని దాచింది, మొక్కల వేళ్లు పోగుల మధ్య దూరి పెరిగాయి. ఆ బట్టలు ఇవాళ కోపెన్‌హాగన్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

సినిమాల్లో చూసి, మధ్యయుగమంటే బురద రంగు గోనెగుడ్డ అనుకునేవాళ్లున్నారు. మంజిష్ఠ జాతి వేళ్ల ఎరుపు, వోడ్ ఆకుల నీలం, వెల్డ్ మొక్క పసుపు నీకు కొత్తేమీ కాదు. లోపల నార చొక్కా, పైన ఉన్ని అంగీ, నడుముకు తోలుపట్టీ ఉంటే చాలు. జిప్పు పెట్టేవాళ్లను నేనైతే క్షమించను.

మెడ దగ్గర మాత్రం పిసినారిగా ఉండాలి. చిన్నగా కోసి, ముందు చీలిక పెట్టి, తల దూరుతుందో లేదో చూడాలి. చాలకపోతే ఇంకొంచెం కోయొచ్చు, ఎక్కువ కోస్తే ఏ సూదీ పూడ్చలేదు.

ఇంట్లో కుట్టబోయేవాళ్లకు ఒక్క మాట. ఛాతీ కొలతకు ధారాళంగా వదులు కలపండి. కోసే ముందు గుడ్డను తప్పకుండా ఉతికి ఆరేయండి, నారబట్ట తొలి ఉతుకులోనే కుంచించుకుపోతుంది.