వేళ్ళలోని శిలీంధ్రములకు సిరా రంగు

మొక్కజొన్న వేరు నొకదానిని కడిగి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినంత మాత్రమున దానిలో శిలీంధ్ర మున్నదో లేదో తెలియదు. వేరులోని కణములు తమ లోపలి పదార్థముతో మసకగా కనిపించును. శిలీంధ్ర తంతువులకు చెప్పుకొనదగిన రంగు లేదు. అయినను భూమి మీది మొక్కలలో అధిక భాగము తమ వేళ్ళలో ఆర్బస్క్యులార్ మైకోరైజా అను శిలీంధ్రములకు చోటిచ్చుచున్నవి. మొక్క చక్కెర నిచ్చును. శిలీంధ్రము నేలనుండి భాస్వరమును తెచ్చిపెట్టును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటను కంటితో చూడవలెనన్న రెండు పనులు కావలెను: వేరును తేటపరచుట, శిలీంధ్రమునకు రంగు పట్టించుట. ఈ పనులకు వాడు రసాయనముల వలన విద్యార్థి చేతికి, కంటికి ఏమగునన్నదే ఇచ్చట విచారింపవలసిన విషయము.

1970లో ఫిలిప్స్, హేమన్ అను వారు ప్రకటించిన పద్ధతి చిరకాలము ప్రమాణముగా చెల్లినది. వేళ్ళను పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణములో వేడిచేసి, ఆమ్లముతో కడిగి, లాక్టోఫినాల్‌లో కరగించిన ట్రిపాన్ బ్లూ అను రంగులో కాచుదురు. చిత్రము చక్కగా వచ్చును. దానిని కాదనుటకు వీలులేదు. కాని ఫినాల్ అనగా శస్త్రచికిత్సలో దాని వాడుకను గూర్చి లిస్టర్ 1867లో ప్రకటించిన కార్బాలిక్ ఆమ్లమే. అది చర్మమును కాల్చును. కాల్చుచునే తిమ్మిరి ఎక్కించును గనుక గాయమైన సంగతి వెంటనే తెలియదు. చర్మము గుండా రక్తములోనికి కూడ ప్రవేశించును. అట్టి దానిని కాచి ఆవిరి పీల్చుట మరియొక కీడు. ఇక ట్రిపాన్ బ్లూ మాట: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులకు క్యాన్సరు కలిగింప అవకాశమున్న పదార్థములలో, అనగా 2బి తరగతిలో, చేర్చియున్నది.

1989లో కోస్కీ, జెమా అనువారు ఫినాల్‌ను తొలగించి దాని స్థానమున ఆమ్లము కలిపిన గ్లిసరాల్‌ను పెట్టిరి. రంగు మాత్రము ట్రిపాన్ బ్లూయే. సగము మేలు జరిగినది.

మిగిలిన సగమును 1998లో ఫీర్‌హైలిగ్, ఆయన సహచరులు సాధించిరి. వారి వ్యాసము నాలుగు పుటలు మాత్రమే. దానిలోని ఉపాయమును విన్నవారికి మొదట నవ్వు వచ్చును: ఫౌంటెన్ పెన్ను సిరాను వంటింటి వినిగరులో 5 శాతముగా కలిపి, తేటపరచిన వేళ్ళను దానిలో మూడు నిమిషములు కాచుట. పిదప కొన్ని చుక్కల వినిగరు వేసిన నీటిలో ఇరువది నిమిషము లుంచినచో వేరులోని అదనపు రంగు పోవును, శిలీంధ్రములో నిలిచినది నిలుచును. తంతువులు, చెట్టుకొమ్మల వలె చీలిన ఆర్బస్క్యూల్స్, గుండ్రని తిత్తులు స్పష్టముగా తెలియును. ఖరీదు స్వల్పము. తరగతిగది కింతకంటె అనువైనది దొరకుట కష్టము.

అయితే ఈ వ్యాసకర్తలు తమ పద్ధతిని విషరహిత మనిరి. ఆ విశేషణము రంగుకు చెల్లును గాని పద్ధతి కంతటికి చెల్లదు. ఏలయనగా వేళ్ళను తేటపరచుటకు వారును 10 శాతము పొటాసియం హైడ్రాక్సైడునే మరిగించిరి. మరుగుచున్న క్షారపు తుంపర కంటిలో పడినచో కలుగు హాని సామాన్యమైనది కాదు. క్షారము కంటి పొరలలోని కొవ్వును సబ్బుగా మార్చుచు లోతునకు చొచ్చుకొని పోవును. పాత పద్ధతిలో భయపెట్టు పేరుగల రంగును చూచి విద్యార్థి జాగ్రత్తపడును. సిరా, వినిగరు అను మాటలు విన్న విద్యార్థి కంటి అద్దములు పెట్టుకొనుట మానును. విచిత్రమేమనగా, ట్రిపాన్ బ్లూను విడువని 1989 నాటి పద్ధతిలో క్షారము 2.5 శాతమే. ఈ రెండు వ్యాసములలోని మంచిని కలుపుకొనుట ఉపాధ్యాయునికి కష్టము కాదు: క్షారము మొదటిదానినుండి, రంగు రెండవదాని నుండి. లేత వేళ్ళయినచో వేడి లేకయే క్షారములో ఒకటి రెండు దినములు నానవేసినను తేటపడును. ఓపిక కావలెను, అంతే. పాత్ర మాత్రము గాజుది కావలెను. అల్యూమినియమును క్షారము తినివేయును, హైడ్రోజన్ వాయువు వెలువడును. మిగిలిన క్షారమును పారబోయుటకు ముందు అదే వినిగరుతో విరుగగొట్టవచ్చును. లెక్క వేసినచో 100 మిల్లీలీటర్ల 2.5 శాతపు ద్రావణమునకు 5 శాతపు వినిగరు సుమారు 54 మిల్లీలీటర్లు చాలును. 10 శాతపు ద్రావణమునకు 214 కావలెను. లిట్మస్ కాగితముతో సరిచూచుకొనుట మంచి అభ్యాసము.

రెండవ లోపము సిరాలో ఉన్నది. ట్రిపాన్ బ్లూ ఎక్కడ కొన్నను దాని పేరొక్క రసాయనమును చెప్పును. సిరా అట్లు కాదు. సీసాలో ఏ రంగులు కలవో తయారుచేయువారు చెప్పరు. కూర్పు మార్చినను మనకు తెలియదు. ఆ శాస్త్రజ్ఞులకు మంచి ఫలితమిచ్చిన షేఫర్ నలుపు సిరా మన ఊరి దుకాణములో దొరకక పోవచ్చును. అందుచేత దొరికిన సిరాను ముందుగా పరీక్షించి చూడవలెను. అందుకు రెండు మొక్కలు చాలును. మొక్కజొన్నలో ఈ శిలీంధ్రము సాధారణముగా ఉండును. ఆవ, ముల్లంగి వంటి మొక్కల కుటుంబము దానితో సాధారణముగా పొత్తు పెట్టుకొనదు. రెండింటికిని ఒకే సిరా పట్టించినచో ఏది శిలీంధ్రమో, ఏది వేరు పీల్చుకొన్న రంగో తేలును. ఆవవేరులో సైతము నీలి తంతువులు కనిపించినచో తొందరపడరాదు. వేళ్ళలో ఇతర శిలీంధ్రములును కాపురముండును, సిరా వాటికిని పట్టును. అడ్డుగోడలు లేని తంతువులు, కణము లోపలి ఆర్బస్క్యూల్ కనిపించినప్పుడే మైకోరైజా అని నిర్ణయింపవలెను. ఈ చిక్కు ట్రిపాన్ బ్లూతోను ఉన్నదే గనుక దీనిని సిరాపై నేరముగా మోపరాదు.

ఇంతవరకు చెప్పినది వేళ్ళకు సంబంధించినది. రోగి శరీరము నుండి తీసిన కణజాలములో శిలీంధ్రమును వెదకువారికి ఈ సిరా చాలదు. అచ్చట నేటికిని 1955లో గ్రోకాట్ సవరించిన వెండి పద్ధతి నడచుచున్నది. దానిలో వాడు క్రోమిక్ ఆమ్లము ఆరు సంయోజకత గల క్రోమియపు సమ్మేళనము. మానవులలో క్యాన్సరు కలిగించునని రూఢియైన తరగతికి చెందినది. అయినను వైద్యులు దానిని సులభముగా విడువకుండుటకు కారణము కలదు. క్రోమిక్ ఆమ్లము శరీరకణములలోని కొద్దిపాటి పాలీశాకరైడులను అతిగా ఆక్సీకరించి వెండిని పట్టకుండ చేయును. అవి సమృద్ధిగా గల శిలీంధ్రపు గోడ మాత్రమే నల్లబడును. పీరియాడిక్ ఆమ్లముతో చేయు పి.ఎ.ఎస్. పద్ధతిలో క్రోమియము లేదు, వెండి లేదు, శిలీంధ్రము ఎర్రగానే కనిపించును. కాని రోగి కణములలోని గ్లైకోజెన్, శ్లేష్మ పదార్థము కూడ అదే ఎరుపు పూసుకొనును. నాలుగైదు తంతువులు మాత్రమే ఉన్న ముక్కలో అవి ఆ ఎరుపులో కలిసిపోవచ్చును.