స్టింగ్ ఆపరేషన్లు – చట్టబద్ధత: విమర్శనాత్మక పరిశీలన

అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వల పన్ని ఉద్యోగులను పట్టుకున్న వార్తలు మీరు చదివే ఉంటారు. రహస్య కెమెరాతో లంచగొండులను చిత్రించిన దృశ్యాలు టీవీలో చూసే ఉంటారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం ఒకటి కావు.

ఏసీబీ వల ఫిర్యాదుతో మొదలవుతుంది. అంటే లంచం అడగడం అప్పటికే జరిగింది. మధ్యవర్తుల సమక్షంలో నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. వాటిని ముట్టుకున్న చేతులను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగుకు మారుతుంది. ఇక్కడ పోలీసులు నేరాన్ని పుట్టించడం లేదు, బయటపెడుతున్నారు. ఆ హద్దు దాటి పోలీసులే లంచం సొమ్మును సమకూర్చడాన్ని శివ్ బహదూర్ సింగ్ కేసులో (1954) సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

ప్రైవేటు వ్యక్తుల స్టింగ్‌లో తరచుగా ఎర ముందు వస్తుంది. 2003లో ఒక కేంద్ర మంత్రి డబ్బు తీసుకుంటున్నట్లు చూపిన వీడియో వ్యవహారంలో, స్టింగ్ జరిపినవారు కూడా నిందితులయ్యారు. రజత్ ప్రసాద్ కేసులో (2014) సుప్రీంకోర్టు వారిపై కేసు కొట్టివేయలేదు. స్టింగ్ జరిపినవారందరికీ వర్తించే మినహాయింపు లేదనీ, వారి ఉద్దేశం ఏమిటో విచారణలోనే తేలాలనీ చెప్పింది.

ఈ తర్కంలో బలముంది. ప్రజాహితం అన్న మాటే రక్షణ అయితే, ప్రత్యర్థిని ఇరికించేవారు కూడా దాని చాటున దాక్కుంటారు. కాని నిజాయితీపరుడు సైతం తన ఉద్దేశం మంచిదని చెప్పుకోవడానికి ముందు నిందితుడిగా నిలబడాలి. విచారణే శిక్షగా మారుతుంది.

2018 సవరణ ఈ చిక్కును సగమే విప్పింది. సెక్షన్ 8 ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చి 7 రోజుల్లో తెలియజేసినవారికీ, ముందే దర్యాప్తు సంస్థకు తెలిపి దానికి సహాయంగా ఇచ్చినవారికీ మినహాయింపు ఉంది. ఎవరికీ చెప్పకుండా డబ్బిచ్చి చిత్రించిన పాత్రికేయుడికి ఈ రెండూ వర్తించవు. అవినీతి ఆ దర్యాప్తు సంస్థలోనే ఉంటే ముందుగా ఎవరికి చెప్పాలి? సవరణలో దీనికి జవాబు లేదు.

మనసులోని ఉద్దేశం కన్నా, లంచం మాట ముందు ఎవరు ఎత్తారన్నది సాక్ష్యాలతో తేల్చడం సులభం. చట్టం దాన్ని కొలమానంగా తీసుకుంటే నిజాయితీపరుడికీ, ఎర వేసినవాడికీ తేడా మొదట్లోనే తెలుస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: అధికారి అడగకముందే డబ్బు చూపి చిత్రించిన వీడియోను మీరు న్యాయమూర్తి అయితే ఎలా పరిగణిస్తారు? కారణాలతో వివరించండి.